సైకిల్ టైరు: ఎంత వెడల్పు? ఎంత గాలి?

సైకిల్ శీర్షికకి వచ్చిన ప్రశ్నల్లో ఈసారి టైర్లవే ఎక్కువ. ఒకేలా ఉన్నవాటిని కలిపి, తొమ్మిదింటికి జవాబులిస్తున్నాం. గాలి ఒత్తిడి అంకెలన్నీ పీఎస్‌ఐలో (చదరపు అంగుళానికి ఎన్ని పౌన్లు) ఉంటాయి. మీ పంపు మీద బార్‌లు ఉంటే 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ అని లెక్కేసుకోండి.

ప్ర: నా రోడ్ బైక్ టైర్లు 700×25సీ (అంటే వెడల్పు 25 మి.మీ.). పక్కన 'గరిష్ఠం 120 పీఎస్‌ఐ' అని అచ్చు వేసి ఉంది. షాపులో 110 కొట్టమన్నారు, అలాగే కొడుతున్నాను. ముప్పై కిలోమీటర్లు తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. నా బరువు 78 కిలోలు. గాలి తగ్గిస్తే స్పీడు పోతుందని తోటివాళ్ళు భయపెడుతున్నారు. నిజమేనా? (హైదరాబాద్)

జ: ముందు ఆ 120 సంగతి తేలుద్దాం. అది టైరు ఓర్చుకునే హద్దు. లిఫ్టులో 'ఎనిమిది మంది' అని బోర్డు ఉంటే ఎనిమిది మంది పోగయ్యేదాకా ఎవరూ ఆగరు కదా! టైరు ఎక్కేది 45 కిలోల కాలేజీ అమ్మాయో, 95 కిలోల పెద్దమనిషో తయారుచేసినవాళ్ళకి తెలియదు. మీకు ఎంత గాలి కావాలో తేల్చేవి ముఖ్యంగా రెండు: చక్రం మీద పడే బరువు, టైరు వెడల్పు.

ఇక స్పీడు. నున్నటి ఉక్కు డ్రమ్ము మీద తిప్పి కొలిస్తే గాలి ఎక్కువున్న టైరే తేలిగ్గా దొర్లుతుంది. ఆ మాట అక్కడినుంచే పుట్టింది. మన రోడ్డు డ్రమ్ము కాదు. చిన్న కంకర రాయి అడ్డొచ్చిందనుకోండి. టైరు మెత్తగా ఉంటే రాయి మేర లోపలికి నొక్కుకుని దాన్ని మింగేస్తుంది, సైకిల్ నడక చెడదు. రాయిలా గట్టిగా ఉంటే నొక్కుకోదు. మిమ్మల్ని, సైకిల్‌ని కలిపి దాదాపు 90 కిలోలని ఆ రాయి ఎత్తున పైకి లేపి మళ్ళీ కింద పడేస్తుంది. నిమిషానికి కొన్ని వందల సార్లు ఇదే తంతు. లేపడానికి ఖర్చయ్యే శక్తి మీ కాళ్ళదే. కండల్లో, చేతుల్లో అది వణుకై అరిగిపోతుంది. మీ అరచేతుల తిమ్మిరి ఆ ఖర్చుకి రసీదు అనుకోవచ్చు.

రేసుల వాళ్ళు కూడా ఈ దారికే వచ్చారు. 1990ల్లో 20 నుంచి 23 మి.మీ. టైర్లు రాజ్యమేలాయి. ఇప్పుడు టూర్ డి ఫ్రాన్స్‌లో 28, 30 మామూలైపోయాయి. రాళ్ళు పరిచిన బాటల మీద జరిగే పారిస్–రూబే పందెంలో 30 దాటినవే వాడుతున్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలి? మనిషి, సైకిల్, బ్యాగు, నీళ్ళ సీసా కలిపి 85 కిలోలు అనుకుందాం. ట్యూబు ఉన్న టైర్లకి, మామూలు తారు రోడ్డుకి మేం చెప్పే అంకెలివి. 25 మి.మీ. అయితే ముందు 70, వెనక 80. 28కి 61, 69. 32కి 50, 57. 35కి 44, 50. 40కి 36, 41. 50 అంటే దాదాపు రెండంగుళాల టైరు, దానికి 27, 31. మొత్తం బరువులో ప్రతి 10 కిలోల తేడాకి ఈ అంకెల్లో పదో వంతు కలపండి, లేదా తీసేయండి. మీ లెక్క: 78, సైకిల్ 10, సామాను 2, మొత్తం 90. కాబట్టి ముందు 74, వెనక 84 దగ్గర మొదలుపెట్టండి. ఇప్పుడు కొడుతున్నదానికన్నా ముందు టైరులో 36 తక్కువ!

అక్కడితో ఆగొద్దు. రోజూ వెళ్ళే దారిలో గతుకులున్న రెండు కిలోమీటర్ల ముక్క ఒకటి ఎంచుకోండి. రోజుకి 3 పీఎస్‌ఐ చొప్పున రెండు టైర్లలో తగ్గిస్తూ అదే ముక్క తొక్కండి. ఒక రోజు రెండిట్లో ఏదో ఒకటి జరుగుతుంది. గుంటలో పడ్డప్పుడు రిమ్ము 'టక్' మని రోడ్డుకి తగులుతుంది, లేదా మలుపులో సైకిల్ కింద ఎవరో చాప లాగినట్టు మెత్తగా జారుతుంది. అదే మీ అడుగు హద్దు. దానికి 5 కలిపితే మీ అంకె దొరికినట్టే. మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి పంపు గొట్టానికి అంటించండి, ఎందుకంటే రెండు వారాలకి మర్చిపోతారు.

రోడ్డుని బట్టి అంకె మారుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద 84 హాయిగానే ఉంటుంది. అదే గాలితో కాలనీ లోపలి రోడ్లలోకి, కేబుళ్ళ కోసం తవ్వి పూడ్చిన అతుకుల మీదికి వస్తే నరకం. రెండూ కలిసిన దారైతే చెడ్డ రోడ్డుకి తగ్గట్టు పెట్టుకోండి.

ఒక్క హెచ్చరిక. తిమ్మిరి చిటికెన వేలు, ఉంగరం వేలు దగ్గరే ఉంటే టైరు ఒక్కదాన్నే తప్పుపట్టకండి. అరచేతి మడమ మీద బరువు వేసి పట్టుకున్నా, సీటు ముక్కు కిందికి వంగి శరీరం ముందుకి జారుతున్నా ఆ నరం నలుగుతుంది. సీటుని మట్టానికి తెచ్చి, ఆ తర్వాత టైరు సంగతి చూడండి.

ప్ర: నాది రిమ్ బ్రేకుల సైకిల్, 23 మి.మీ. టైర్లు. 32 వేసేస్తే సుఖంగా ఉంటుందని చదివాను. పడుతుందా? (కరీంనగర్)

జ: అనుమానమే. మామూలు రోడ్ బైక్ క్యాలిపర్ బ్రేకుల (రిమ్ముని రెండు పక్కలా పట్టే వంపు బ్రేకుల) కింద 25 ఖాయంగా పడుతుంది. చాలావాటిలో 28 పడుతుంది, 32 అరుదు. డిస్క్ బ్రేకులున్న కొత్త సైకిళ్ళలో 32, 35 మామూలే. అది ఫ్రేము తయారీదారు చెప్పిన హద్దుని బట్టి ఉంటుంది.

కొనేముందు అలెన్ కీల (ఆరు పలకల బిగింపు కడ్డీల) సెట్టు తీసుకోండి, అదే మీ కొలబద్ద. ఇప్పుడున్న టైరుకి, ఫ్రేముకి మధ్య ఏ కీ దూరుతుందో నాలుగు చోట్ల చూడాలి: ముందు బ్రేకు వంపు కింద, ఫోర్కు రెండు కాళ్ళ మధ్య, పెడల్ ఇరుసు వెనక అటూ ఇటూ ఉన్న గొట్టాల మధ్య, సీటు గొట్టం వెనక. 23 నుంచి 28కి మారితే టైరు ఒక్కో పక్కకి 2.5 మి.మీ., పైకి దాదాపు 5 మి.మీ. పెరుగుతుంది. పెరిగాక కూడా అన్ని చోట్లా 4 మి.మీ. కీ దూరాలి. మట్టి రోడ్లు, మడ్‌గార్డులు ఉంటే 6 మి.మీ. కావాలి. ఇంత ఎందుకంటే, చక్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగడం మామూలే. తడి టైరుకి అంటుకున్న కంకర రాయి ఫోర్కు కింద ఇరుక్కుంటే ముందు చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకో తిరకాసు: టైరు మీద 28 అని ఉన్నంతమాత్రాన 28 ఉండదు. రిమ్ము లోపలి వెడల్పు 1 మి.మీ. పెరిగితే టైరు 0.4 మి.మీ. వరకు ఉబ్బుతుంది. అందుకే వెర్నియర్ క్యాలిపర్‌తో కొలిచిన అంకెనే నమ్మండి. మరీ పాతకాలం సన్నటి రిమ్ములు, లోపల 13 నుంచి 15 మి.మీ. ఉన్నవైతే 28 దగ్గర ఆగిపోవడం మంచిది. సన్నటి రిమ్ము మీద లావు టైరు బల్బులా నిలబడి మలుపుల్లో పక్కకి ఒరుగుతుంది.

వెనక పట్టక ముందు మాత్రమే 28 పడితే? నిస్సంకోచంగా ముందు 28, వెనక 25 వేయండి. చేతులకి కావలసిన సుఖం ముందు టైరులోంచే వస్తుంది. గాలి నిండిన 28 బ్రేకు రబ్బర్ల మధ్య దూరకపోతే బ్రేకు మీదున్న చిన్న లీవరు వదులు చేయండి. అది లేకపోతే చక్రం ఖాళీగా బిగించి తర్వాత గాలి కొట్టండి. ట్యూబు కూడా చూసుకోవాలి: 18–25 అని రాసున్న ట్యూబు 28లో సాగి పలచబడుతుంది. పని జరుగుతుంది కానీ త్వరగా గాలి దిగుతుంది.

ఏదీ కుదరకపోతే వెడల్పు మార్చకుండా టైరు రకం మార్చండి. మందపాటి పంక్చర్ పట్టీ ఉన్న టైరు ఎంత గాలి తగ్గించినా చెక్కలాగే ఉంటుంది. పలచటి నూలు అల్లికతో చేసిన మెత్తటి టైరు అదే వెడల్పులో, అదే గాలితో ఎంతో సుఖం. ముళ్ళ దారులకి మాత్రం అది పనికిరాదు.

ప్ర: నాన్నగారి పాత సైకిల్ బాగుచేయించి వాడుతున్నాను. టైర్లు 28×1½. వాల్‌ట్యూబు రకం వాల్వు. గేజి పెడితే అంకె పిచ్చిపిచ్చిగా చూపిస్తోంది. ఎంత గాలి ఉందో తెలుసుకునేదెలా? వెనక క్యారియర్ మీద అప్పుడప్పుడు బియ్యం బస్తా వేస్తాను. (తెనాలి)

జ: తప్పు గేజిది కాదు. ఆ వాల్వులో చిన్న రబ్బరు గొట్టం (అదే వాల్‌ట్యూబు) ఇత్తడి కాడని గట్టిగా కరుచుకుని ఉంటుంది. పంపులోని గాలి దాన్ని తోసుకుని లోపలికి వెళ్ళాలి. అందుకని పంపు గేజి చూపేది రబ్బరుని తోసే బలం కూడా కలిసిన అంకె. లోపలి గాలి బయటికి రానే రాదు కాబట్టి విడి గేజికి అందదు.

మీకు గేజి అక్కర్లేదు, పిల్లల స్కేలు చాలు. గాలి కొట్టి, ఎవరూ ఎక్కకుండా వెనక చక్రం దగ్గర స్కేలు నేల మీద నిలబెట్టండి. నేల నుంచి రిమ్ము అంచుదాకా ఎంతుందో చూడండి. 38 మి.మీ. వచ్చిందనుకుందాం. ఇప్పుడు మీరు ఎక్కి, గోడకి చెయ్యి ఆనించి, రోజూ కూర్చునేట్టే కూర్చోండి. ఇంకొకరు మళ్ళీ కొలవాలి. 32 వస్తే 6 మి.మీ. దిగినట్టు. ఈ టైరు వెడల్పు 40 మి.మీ., అందులో 6 అంటే 15 శాతం. అమెరికాలో సైకిళ్ళ గురించి రాసిన ఫ్రాంక్ బెర్టో ప్రచారంలోకి తెచ్చిన కొలత ఇదే: ఎక్కినప్పుడు టైరు దాని వెడల్పులో 15 శాతం అణగాలి. స్కేలుకి సున్నా ముందు కాస్త చెక్క ఉంటుందని బెంగపడకండి, మనకి కావలసింది రెండు కొలతల తేడా. 4 మి.మీ. కన్నా తక్కువ దిగితే గాలి ఎక్కువైంది, 8 దాటితే తక్కువైంది. ఏ టైరుకైనా ఈ పద్ధతి పనిచేస్తుంది. 32 మి.మీ. టైరుకైతే దాదాపు 5 మి.మీ. దిగాలి.

బస్తా సంగతి వేరు. 25 కిలోలు క్యారియర్ మీద పెడితే దాదాపు మొత్తం వెనక చక్రం మీదే పడుతుంది. ఆ రోజు వెనక టైరులో సగానికి సగం ఎక్కువ గాలి కావాలి. అయితే టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటకూడదు, ఈ సందర్భంలో ఆ అంకె పనికొస్తుంది. అది సరిపోవడం లేదంటే బస్తా బరువు తగ్గించండి. తిరిగొచ్చాక గాలి తగ్గించడం మర్చిపోవద్దు.

వాల్‌ట్యూబు ఎండకి జిగటగా మారి కుళ్ళుతుంది. రోజూ గాలి దిగుతోంటే పంక్చర్ షాపుకి పరుగెత్తే ముందు వాల్వు మూతి మీద వేలితో తడి రాయండి. బుడగ లేస్తే దొంగ అక్కడే ఉన్నాడు. నట్టు విప్పి కాడ లాగి, పాత రబ్బరు గోకి తీసి, కొత్త ముక్కని తడిపి తొడగండి. కాడ పక్కనున్న సన్నటి బెజ్జం పూర్తిగా కప్పుకుని, పైన మెడ దాకా రావాలి. బెజ్జం సగం తెరిచి ఉంటే గాలి నిలవదు.

ప్ర: మా వైపు పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఎక్కువ. వెడల్పు టైరు వేసి గాలి తగ్గిస్తే ముళ్ళు ఇంకా ఎక్కువ గుచ్చుకోవా? (అనంతపురం)

జ: పంక్చర్లు రెండు జాతులు, వాటికి మందులూ వేరు. ట్యూబు తీసి బెజ్జాన్ని చూడండి. సెంటీమీటరు ఎడంలో పక్కపక్కన రెండు చిల్లులుంటే అది గుంటలో రిమ్ము ట్యూబుని కొరికిన పాముకాటు. గాలి తక్కువైంది, లేదా టైరు మీ బరువుకి చాలనంత సన్నం. వెడల్పు టైరుతో ఇది దాదాపు పోతుంది. రోడ్డు వైపు ఒకే చిల్లు ఉంటే ముల్లు. రిమ్ము వైపు ఉంటే రిమ్ము టేపు జరిగి చువ్వ కొన గీరుకుంది. వాల్వు మొదట్లో చిరిగితే గాలి తక్కువై, బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద జరుగుతూ ట్యూబుని లాక్కుపోయింది. ఈ రకంలో చిరిగేముందే వాల్వు నిటారుగా కాక ఒక పక్కకి వాలి కనిపిస్తుంది.

ముల్లుకి సన్నం లావు తేడా పెద్దగా లేదు. పల్లేరుకాయ ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది, 100 పీఎస్‌ఐ ఉన్నా 50 ఉన్నా దిగిపోతుంది. దానికి అడ్డం టైరు లోపలి గట్టి పట్టీ, లేదా చిల్లుని లోపలినుంచే పూడ్చే ద్రవ సీలెంట్. మెలితిప్పితే లోపలి పిన్ను ఊడొచ్చే వాల్వు ఉన్న ట్యూబు అయితే అందులోంచి సీలెంట్ పోయొచ్చు. ట్యూబ్‌లెస్‌కి 28–32 టైరులో 30 నుంచి 45 మి.లీ., 40 ఆ పైవాటికి 60, రెండంగుళాలకి 90 దాకా పడుతుంది. మీ ఎండలకి రెండు మూడు నెలల్లో ఆరిపోతుంది, మళ్ళీ పోయాలి.

పంక్చర్ వేశాక టైరు లోపల వేళ్ళతో తడమకండి, కోసుకుంటారు. దూది ఉండ చేసి చుట్టూ రుద్దండి. ముల్లు కొన ఎక్కడ మిగిలిందో అక్కడ దూది పీచు పట్టుకుంటుంది. టైరు మీద కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వుకి ఎదురుగా వచ్చేలా బిగించుకుంటే, ట్యూబులో చిల్లు ఎక్కడుందో చూసి టైరులో ముల్లు ఎక్కడుందో సూటిగా వెతకొచ్చు.

ప్ర: ఎండలో పెడితే టైరు పేలుతుందని వేసవిలో గాలి సగమే కొట్టిస్తున్నాను. సరైనదేనా? (విజయవాడ) / ఇక్కడ చలికాలంలో తొక్కేటప్పుడు గాలి తగ్గినట్టనిపిస్తుంది, భ్రమేనా? (న్యూజెర్సీ)

జ: ఇద్దరికీ జవాబు ఒకే లెక్కలో ఉంది. 30 డిగ్రీల దగ్గర 60 పీఎస్‌ఐ కొట్టిన టైరు ఎండలో 60 డిగ్రీలకి కాగితే లోపల 67 అవుతుంది, అంతే. బాగున్న టైరుని ఏడు పీఎస్‌ఐ పేల్చదు. సగం గాలితో తొక్కి గుంటలో రిమ్ము వంచుకోవడమే అసలు నష్టం. న్యూజెర్సీ వారిది భ్రమ కాదు. 21 డిగ్రీల ఇంట్లో 60 కొట్టి సున్నా డిగ్రీల్లోకి తెస్తే 55కి దిగుతుంది. ఆ మేరకు ముందే కలుపుకోండి.

మరి ఎండలో పేలేవి ఎందుకు పేలుతున్నాయి? ఎక్కువగా బిగించడంలో పొరపాటు వల్ల. ట్యూబు టైరు అంచు కింద ఇరుక్కుని ఉంటుంది, ఆ ఏడు పీఎస్‌ఐ ఆఖరి తోపు తోస్తుంది. టైరు వేశాక ముందు 20 దాకా కొట్టి ఆపండి. రెండు వైపులా చుట్టూ టైరుని వేళ్ళతో పక్కకి వంచి చూడండి, ట్యూబు ఎక్కడా కనిపించకూడదు. రిమ్ముకి ఆనుకుని టైరు మీద సన్నటి గీత ఉంటుంది. అది చుట్టూ ఒకే ఎత్తులో ఉందా చూసి, అప్పుడు పూర్తిగా కొట్టండి. అరకు ఘాట్ లాంటి దిగుళ్ళలో రిమ్ బ్రేకు అదేపనిగా పట్టుకుంటే మాత్రం రిమ్ము నిజంగానే విపరీతంగా కాగుతుంది. గట్టిగా పట్టి, వదిలి, మళ్ళీ పట్టండి.

ప్ర: నా బరువు 55 కిలోలు. హైబ్రిడ్ సైకిల్, 700×35సీ. పెట్రోల్ బంకులో ప్రతిసారీ 60 కొట్టిస్తాను. బీచ్ రోడ్డు బాగానే ఉన్నా లోపలి వీధుల్లో నడుము అదిరిపోతోంది. (విశాఖపట్నం)

జ: సైకిల్ 13 కిలోలు కలిపితే 68. మీకు ముందు 35, వెనక 40 చాలు. బరువు తక్కువున్నవాళ్ళకే ఈ అన్యాయం ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే అందరికీ ఒకే అంకె కొడతారు. పన్నెండేళ్ళ పిల్లల సైకిళ్ళ సంగతైతే మరీనూ. 35 కిలోల పిల్లాడి రెండంగుళాల టైరులో 40 కొడితే సైకిల్ బంతిలా ఎగురుతుంది. 20కి అటూ ఇటూ సరిపోతుంది.

బంకు గొట్టం మోటారు వాహనాలకి పెట్టింది. సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా కొంచెం, రెండు సెకన్లలో అంకె దాటిపోతుంది. తప్పనిసరైతే చిన్న చిన్న విడతలుగా పట్టమనండి. గేజి ఉన్న నిలువు పంపు ఇంట్లో ఉండటం మేలు. చౌక పంపు గేజి ఐదో ఆరో తప్పు చూపినా నష్టం లేదు, ఎప్పుడూ అదే పంపు వాడితే ప్రతిసారీ అదే తప్పు చూపిస్తుంది. బొటనవేలితో నొక్కి చూడటం మెత్తటి టైరుకి పర్వాలేదు. 60 దాటాక 60కీ 90కీ వేలికి తేడా తెలియదు. పంపు తీసేటప్పుడు వచ్చే 'ఫుస్' గురించి చాలామంది కంగారు పడతారు. ఆ గాలిలో ఎక్కువ భాగం పంపు గొట్టంలోదే. మామూలు ట్యూబులో వారానికి కొన్ని పీఎస్‌ఐ దానంతటదే దిగుతుంది, కాబట్టి ఆదివారం ఒకసారి చూసుకుంటే చాలు.

ప్ర: ముందు, వెనక ఒకే గాలి ఉంటే తప్పేమిటి? (ఖమ్మం)

జ: వెనక చక్రం మీద 55 నుంచి 60 శాతం బరువు పడుతుంది. కాబట్టి ఒకే గాలి అంటే ముందు టైరు అవసరానికి మించి గట్టిగా ఉన్నట్టు. లెక్క ప్రకారమైతే ముందు 20, 30 శాతం తగ్గొచ్చు. అంత తగ్గించకండి. బ్రేకు వేసినప్పుడు, దిగుడులో బరువు ముందుకి వస్తుంది. 10 నుంచి 15 శాతం తేడా చాలు. మీ వెనక చక్రం మీద ఎంత పడుతోందో తెలుసుకోవాలంటే బరువు చూసే మెషీన్ మీద వెనక చక్రం, అంతే ఎత్తున్న ఇటుక మీద ముందు చక్రం పెట్టి, ఒకరిని పట్టుకోమని ఎక్కి కూర్చోండి.

ప్ర: నాది బొడిపెల టైర్లున్న 26×1.95 ఎంటీబీ (మౌంటెన్ బైక్). తారు రోడ్డు మీద 'గుయ్' మని మోత, లాగుడు. షాపులో 26×1⅜ నున్న టైరు ఇచ్చారు, రిమ్ముకి పట్టడం లేదు. (నిజామాబాద్)

జ: పట్టదు. రెండిటి మీదా 26 అని ఉన్నా లోపలి చుట్టు వేరు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకెల జంట ఉంటుంది, ఉదాహరణకి 50-559. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ముకి కూర్చునే వ్యాసం, రెండూ మి.మీ.లో. మీ ఎంటీబీది 559. మీకిచ్చినది 590. రోడ్ బైక్, హైబ్రిడ్, 29 ఎంటీబీ మూడూ 622. 27.5 అంటే 584. పాత 28×1½ సైకిల్ 635. రెండో అంకె కలవకపోతే ఎంత బలంగా లాగినా ఎక్కదు, లేదా వదులుగా ఎక్కి గాలి కొట్టగానే ఊడి పేలుతుంది. షాపుకి వెళ్ళేముందు ఆ జంటని ఫోన్లో ఫోటో తీసుకోండి.

559లో 1.5 నుంచి 1.75 అంగుళాల నున్న టైర్లు దొరుకుతాయి. 1.95 బొడిపెలు తీసి 1.75 నున్నవి వేస్తే వేరే సైకిల్ ఎక్కినట్టుంటుంది. తారు మీద బొడిపెలు ఒక్కొక్కటీ వంగి లేస్తూ శక్తి తింటాయి, ఆ మోత దానిదే. సన్నవి వేస్తేనే వేగం అనుకుని 1.25 దాకా దిగకండి, కొన్న సుఖమంతా పోతుంది.

ప్ర: వానాకాలం నున్న టైరు జారదా? (రాజమహేంద్రవరం)

జ: కారు టైరుకి గాడులు నీళ్ళని తోసేయడానికి. సైకిల్ టైరు సన్నంగా, గుండ్రంగా ఉండి తనే నీటిని చీల్చుకుంటుంది. మనం తొక్కే వేగంలో నీటి మీద తేలిపోయే ప్రశ్నే లేదు. రోడ్డు మీద పట్టు దొరికేది రబ్బరు మెత్తదనంలోంచి, కాస్త తక్కువ గాలిలోంచి. వాన రోజు మామూలుకన్నా 4, 5 పీఎస్‌ఐ తగ్గించుకోండి. తెల్ల పెయింటు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, రైలు పట్టాలు ఏ టైరుకైనా జారుడే. పట్టాలు దాటేటప్పుడు హ్యాండిల్ తిప్పి అడ్డంగా దాటండి. బురద మట్టిలో మాత్రం బొడిపెలే గతి.

పోతూ పోతూ, టైరు మార్చినవాళ్ళకి ఒక చిన్న పని. మీటరున్న సైకిల్ అయితే చక్రం చుట్టుకొలత కూడా మార్చాలి. 700×28కి 2136 మి.మీ., 700×32కి 2155. మీ టైరుకి సరిగ్గా కావాలంటే రోజూ కొట్టే గాలి కొట్టి, వాల్వు సరిగ్గా కింద ఉన్నచోట నేల మీద సుద్దముక్కతో గీత పెట్టండి. సైకిల్ ఎక్కి కూర్చుని, చక్రం ఒక చుట్టు తిరిగి వాల్వు మళ్ళీ కిందికి వచ్చిన చోట ఇంకో గీత పెట్టించండి. రెండు గీతల మధ్య దూరాన్ని టేపుతో కొలిచి మీటర్లో వేయండి. ఎక్కకుండా తోస్తూ కొలిస్తే టైరు అణగదు కాబట్టి అంకె కాస్త ఎక్కువ వస్తుంది.